ఒప్పందం రాసుకున్నవాళ్లు పారిపోయినవాళ్లెలా అవుతారు?

బానిసత్వానికి 2022 డిసెంబరులో డచ్ ప్రధాని మార్క్ రుట్టె క్షమాపణ చెప్పారు. 2023 జులై 1న రాజు విలెమ్ అలెగ్జాండర్ కూడా చెప్పారు. ఆ వార్తలు మీరు చదివే ఉంటారు. ఒకప్పటి డచ్ వలస, దక్షిణ అమెరికా దేశం సురినామ్‌లోని మరూన్ల గురించి ఎక్కడ రాసినా ఒకటే వర్ణన కనిపిస్తుంది: 'తోటల నుంచి పారిపోయిన బానిసల వారసులు'. ఈ మాట నాకు మింగుడు పడదు. పారిపోవడం ఒక్క రాత్రి పని. ఆ తర్వాత అడవిలో ఊళ్లు కట్టి, పంటలు పండించి, తరాల పాటు డచ్ సైన్యంతో తలపడి, చివరికి ఆ ప్రభుత్వాన్నే సంధికి రప్పించినవాళ్లు వీళ్లు. వాళ్ల చరిత్ర మొత్తాన్నీ ఆ ఒక్క రాత్రికి కుదించేస్తే ఎలా?

ఇది మాట కోసం పట్టిన పంతం అనుకోకండి. దీని వెనక భూమి ఉంది. పారిపోయి వచ్చినవాడి మీద రాజ్యం దయ చూపిస్తుంది, ఇష్టం లేనప్పుడు ఆ దయ మానేస్తుంది. ఒప్పందం రాసుకున్నవాడికి మాత్రం బాకీ పడుతుంది.

1760లో ఎన్‌డ్యూకాలతో, 1762లో సరమకలతో, 1767లో మటవాయిలతో, ఇలా ఒక్కో మరూన్ తెగతో డచ్ పాలకులు శాంతి ఒప్పందాలు చేసుకున్నారు. గెలవలేకే చేసుకున్నారు. కాగితం మీద సంతకం చాలదని మరూన్లు పట్టుబట్టారు. ఇరుపక్షాల వాళ్లూ చేతి మీద గాటు పెట్టుకుని, ఆ రక్తాన్ని బుర్రచిప్పలో కలుపుకొని తాగి ప్రమాణం చేశారు. సురినామ్‌లో బానిసత్వం రద్దయింది 1863లో. ఆ తర్వాత కూడా విముక్తులు పదేళ్లు తోటల్లోనే పనిచెయ్యాలని షరతు పెట్టారు. అంటే ఆ చట్టం రావడానికి 100 ఏళ్ల ముందే సరమకలు స్వేచ్ఛగా బతుకుతున్నారు. వాళ్లకు ఎవరూ విముక్తి ఇవ్వలేదు.

ఆ బతుకు ఎలా నిలబడిందో తెలియాలంటే వాళ్ల వరి గురించి చెప్పాలి. పాంజా అనే ఆమె తోట విడిచి అడవిలోకి వచ్చేటప్పుడు జుట్టులో వడ్లు దాచుకుని తెచ్చిందని సరమకలు చెప్పుకుంటారు. ఇలా వడ్లు తెచ్చిన పూర్వికురాళ్ల పేర్లు ఇప్పటికీ కొన్ని వరి రకాలకు ఉన్నాయి. ఆడవాళ్లు చెక్క రోట్లో వడ్లు దంచి, గుండ్రటి చెక్క పళ్లెంలో చెరుగుతారు. ఆ పళ్లేన్ని మగవాళ్లు భార్యల కోసం స్వయంగా నగిషీలు చెక్కి ఇస్తారు. నెత్తిన గుప్పెడు వడ్లు పెట్టుకుని సైనికుల కళ్లుగప్పి అడవిలోకి అడుగుపెట్టిన మనిషి తన ప్రాణం ఒక్కటే చూసుకోలేదు. వచ్చే ఏడాది పంట గురించి, పుట్టబోయే పిల్లల గురించి ఆలోచించింది.

డచ్ ఫిరంగులకు లొంగని ఈ నేలను 1964లో ఒక డ్యామ్ ముంచేసింది. అల్యూమినియం కంపెనీకి కరెంటు కోసం సురినామ్ నది మీద అఫోబాకా దగ్గర కట్టిన డ్యామ్ అది. దాదాపు 6 వేల మంది మరూన్లు ఊళ్లు వదిలి బ్రౌన్స్‌వెగ్ లాంటి పునరావాస గ్రామాలకు వెళ్లాల్సి వచ్చింది. ఇక్కడ నన్ను బాగా కలచివేసిన విషయం ఒకటుంది. నీళ్లు పెరుగుతుంటే అడవి జంతువుల్ని కాపాడటానికి విదేశాల నుంచి ప్రత్యేక బృందం వచ్చింది. నెలల తరబడి పడవల్లో తిరిగి దాదాపు 10 వేల జంతువుల్ని ఒడ్డుకు చేర్చింది. చాలా మంచి పని. కానీ ఆ ఊళ్లలోని సమాధుల గురించి, వేల మంది మనుషుల గురించి అంత ఆరాటపడి వచ్చినవాళ్లు ఏరీ? మునిగిన అడవి చెట్ల మోళ్లు ఈ రోజుకీ ఆ జలాశయంలో నిలబడి కనిపిస్తాయి.

ఏ కరెంటు కోసం ఇదంతా చేశారో, ఆ పారానామ్ కర్మాగారంలో అల్యూమినియం కరిగించడం 1999లోనే ఆగిపోయింది. మూడున్నర దశాబ్దాల అవసరం కోసం రెండు శతాబ్దాల ఊళ్లు పోయాయి. డ్యామ్ వల్ల ఊరు మారిన నీవ్ కోఫీకాంప్ వాళ్ల టెన్షన్ అక్కడితో తీరలేదు. వాళ్లను తీసుకెళ్లి దించిన చోటు తర్వాత బంగారు గని లీజు ప్రాంతం అయింది.

అవతలి వాదనా ఉంది. మరూన్లు ఆ నేలకు ఆదివాసులు కారు, ఖనిజాలు జాతి మొత్తం ఆస్తి అని రాజ్యాంగమే చెబుతోంది, పైగా తర్వాత తప్పించుకుని వచ్చేవాళ్లను తిరిగి అప్పగిస్తామని ఆ ఒప్పందాల్లోనే ఒప్పుకున్నారు కదా అంటారు. ఆఖరి మాట నిజమే, ఆ షరతు మచ్చే. దాన్ని పెట్టించింది తోటల యజమానులన్నదీ అంతే నిజం. మిగతా రెండిటికీ సరమకల కేసులో అమెరికా దేశాల మానవ హక్కుల కోర్టు 2007 నవంబరు 28న జవాబిచ్చింది. ఆదివాసులు కాకపోయినా సరమకలు తమదైన కట్టుబాట్లు, భూమితో ప్రత్యేక బంధం ఉన్న తెగ అనీ, ఆ నేల మీద వాళ్లకు ఉమ్మడి హక్కు ఉందనీ చెప్పింది. గనులు తవ్వొద్దని అనలేదు. ముందు వాళ్లతో సంప్రదించాలి, లాభంలో వాటా ఇవ్వాలి, పెద్ద ప్రాజెక్టులైతే వాళ్ల సమ్మతి తీసుకోవాలి అంది.

ఆ కేసులో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది సాక్ష్యం. 1990లలో కలప కంపెనీలు అడవిలో దిగినప్పుడు సరమకల చేతిలో పట్టాలు లేవు. కాగితం ఉన్నవాడిదే భూమి అనే లోకంలో వాళ్ల దగ్గర ఉన్నది జ్ఞాపకం. తొలి తరాల కాలాన్ని వాళ్లు ఫెసిటెన్ అంటారు. ఏ వంశం ఏ వాగు వెంట నడిచి వచ్చింది, ఎక్కడ పోరాడింది, ఎక్కడ తొలి పొలం కొట్టింది అన్నది పెద్దలు తెల్లవారుజామున కోడి కూసే వేళ చిన్నవాళ్లకు చెబుతారు. అందరికీ చెప్పరు, అంతా ఒకేసారి చెప్పరు. ఈ జ్ఞాపకాన్నే పట్టుకుని 12 వంశాల వాళ్లు జీపీఎస్ పరికరాలతో అడవంతా తిరిగి తమ నేల మ్యాపు గీసుకున్నారు. ఆ మ్యాపు కోర్టు ముందుకు వెళ్లింది. హెడ్ కెప్టెన్ అని పిలిచే తెగ పెద్ద వాజెన్ ఎడ్వర్డ్స్ స్వయంగా సాక్ష్యం చెప్పారు.

నోటిమాటను పుక్కిటి పురాణంగా కొట్టిపారేసే చరిత్రకారులతో నాకు ఎప్పుడూ పేచీయే. చదువు రానివ్వకుండా చేసి, తర్వాత రాతపూర్వక ఆధారం చూపించమనడం కన్నా అన్యాయం ఏముంటుంది? డచ్ ప్రభుత్వ దస్తావేజుల్లో ఉన్నది తోటల యజమానుల లెక్క. నడిచినవాళ్ల లెక్క ఫెసిటెన్‌లోనే ఉంది. రెండూ చరిత్రే.

తీర్పు వచ్చి ఇన్నేళ్లయినా సరమకల భూమికి ఉమ్మడి పట్టా రాలేదు. 1975లో స్వతంత్రం వచ్చినప్పుడు సురినామ్ డచ్ వాళ్ల నుంచి ఓడరేవులు, గనుల ఒప్పందాలు అన్నీ వారసత్వంగా తీసుకుంది. 1762 ఒప్పందం కూడా ఆ వారసత్వంలోదే. క్షమాపణలు చెప్పాల్సినవాళ్లు చెప్పారు. ఇక సురినామ్ రాజధాని పరమారిబోలోని పార్లమెంటు ఉమ్మడి భూహక్కుల చట్టం చెయ్యాలి. ఆ మ్యాపులో ఉన్న ప్రతి వాగు పేరూ సరమకలు పెట్టిన పేరుతోనే ప్రభుత్వ భూమి రికార్డుల్లోకి ఎక్కాలి.