జాంబీలు ఉంటే ఉండనీండి, ఆ నాలుగు పేజీలు తీయకండి

పండగ సంచిక యువ విభాగానికి వచ్చిన ఒక కథ మీద మా కమిటీలో పెద్ద చర్చే నడిచింది. రాసింది ఇక్కడ అమెరికాలోనే పుట్టి పెరిగిన పదో తరగతి అమ్మాయి. కథ మాత్రం బెజవాడది. ఊరంతా జాంబీలు. ఇంటర్ చదివే ఐదుగురు బెంజి సర్కిల్ దగ్గర ఒక హాస్టల్ పై అంతస్తులో చిక్కుకుపోతారు. ప్రకాశం బ్యారేజీ దాటి సీతానగరం చేరితే బతుకుతారు. 1957 నాటి ఆ బ్యారేజీ కిలోమీటరు పైమాటే, దాక్కోవడానికి చెట్టు కూడా ఉండదు.

"పండగ పూట శవాల కథేమిటండీ" అన్నారొక పెద్దాయన. బేతాళుడి కథలు చదువుకుని పెరిగిన తరం మనది, ఆ మాట అనకూడదు. అసలు పేచీ కిరణ్ అనే కుర్రాడి దగ్గర. మెట్ల మీద కూలబడి, కదలనంటాడు. "దాటి ఏం చేస్తాం? మళ్లీ స్టడీ అవర్లు, మళ్లీ ర్యాంకులేగా." ఈ నిరాశంతా ఉన్న నాలుగు పేజీలూ తీసేసి ఫైటింగులు ఉంచుదామని కమిటీ మాట. నన్నడిగితే ఫైటింగులే తీసేయాలి. అవి అన్ని సినిమాల్లోనూ ఉన్నవే.

ఈ కథలోని హాస్టల్ బెల్ మాత్రం ఏ సినిమాలోనూ లేదు. కరెంటు ఉన్నన్నాళ్లూ అది టైముకి మోగుతూనే ఉంటుంది, ఆ చప్పుడుకే జాంబీలు పోగవుతాయి. బెల్ వినగానే కిరణ్ చెయ్యి దానంతటదే పుస్తకం కోసం తడుముకుంటుంది. హాస్టల్ చదువుల మీద మనం రాసుకున్న వ్యాసాలన్నీ ఈ ఒక్క వాక్యానికి సరిరావు.

ఆ కుర్రాడికి ఎవరూ ధైర్యం చెప్పరు. ఒకమ్మాయి టార్చి చేతికిచ్చి, "ట్యాంకులో నీళ్లెన్ని ఉన్నాయో చూసిరా" అంటుంది. తిట్టుకుంటూనే వెళ్తాడు. ఇది నమ్మశక్యంగా లేదన్నారు కమిటీవాళ్లు. నాకైతే నమ్మబుద్ధవుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి బెజవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు, డ్రోన్లతో అన్నం పొట్లాలు అందించిన రోజుల్లో, మా పిన్నికి ఫోన్ చేసి ధైర్యంగా ఉండమన్నాను. "ధైర్యం సంగతి తర్వాత చూద్దాంలే, కింది వాటా వాళ్లందరూ మా మేడ మీదే ఉన్నారు, ఎసరు పెట్టాలి" అని పెట్టేసింది.

పిల్లలు చదివి దిగులుపడతారన్న భయం ఉంటే, కథ కింద 988 నంబరు వేయండి, మనసు బాగోలేనప్పుడు ఇక్కడ అమెరికాలో ఫోన్ చేసే సహాయ నంబరు అది. ఇండియాలో చదివేవాళ్లకి అలాంటిదే అక్కడి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 కూడా. కథలో ఒక్క ముక్క తీయొద్దు.