సవరణ: పాత పొలాల మీద పెరిగిన అడవి, దాని మట్టిలోని విత్తనాలు

సమశీతోష్ణ అడవుల పోస్టులో "మట్టిలో విత్తనాల నిల్వ ఉంది కాబట్టి, సాగు ఆపేస్తే పాత అడవి తిరిగొస్తుంది" అన్న వాక్యాన్ని మార్చాను. నిల్వ ఉన్నమాట నిజమే. కానీ అందులో ఎక్కువ భాగం పొలాలు, పచ్చికబయళ్ల కాలం నాటి కలుపు మొక్కలు, జంకస్ (గడ్డిలా కనిపించే తడినేల మొక్క) లాంటి వాటి విత్తనాలే. నీడలో దశాబ్దాలు ఓపిగ్గా పడి ఉండి, వెలుతురు తగలగానే లేస్తాయి. అమెరికాలోని మిషిగన్‌లో వృక్షశాస్త్రవేత్త విలియం బీల్ 1879లో సీసాల్లో పాతిపెట్టిన వెర్బాస్కమ్ విత్తనాలు 2021లోనూ మొలిచాయి! అదీ ఆరుబయట పెరిగే మొక్కే.

వుడ్ అనిమోన్ లాంటి అసలైన అడవి మొక్కల విత్తనాలు మట్టిలో ఎక్కువకాలం బతకవు. ఇలాంటి చాలా మొక్కల విత్తనాలను మోసేది చీమలే, అదీ మహా అయితే కొద్ది మీటర్లు. కాబట్టి పక్కనే పాత అడవి లేకపోతే, చెట్లు ఎదిగి వందేళ్లయినా ఈ అడవి మొక్కలు రాకపోవచ్చు.