పెద్దల దిగులుకు విశ్రాంతి ఒక్కటే మందా?

జీవిత భాగస్వామి దూరమైనా, ఇంట్లో ఒకరు మంచం పట్టినా పెద్దవాళ్లతో అందరూ అనే మాట ఒకటే: విశ్రాంతి తీసుకోండి. ప్రేమతో చెప్పే మాటే. కానీ అది విని రోజూ నడిచే మనిషి నడక మానేసి గదికే పరిమితమైతే, శరీరానికి ఆసరా బాగా అవసరమైన సమయంలోనే అది చేజారుతుంది.

ఒత్తిడి ఎదురైనప్పుడు మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును విడుదల చేస్తాయి. అది శత్రువు కాదు, అది లేనిదే బతకలేం. నిద్ర లేచిన అరగంటకు బాగా పెరిగి, పొద్దు గడిచేకొద్దీ తగ్గుతూ అర్ధరాత్రికి అది కనిష్ఠానికి చేరాలి. వయసు మీదపడితే ఆ తగ్గుదల మందగిస్తుంది, రాత్రిపూట కూడా కొంత నిలిచిపోతుంది. దాని చెడు ప్రభావాలకు కొంతవరకు పగ్గం వేసే డీహెచ్‌ఈఏ అనే మరో హార్మోను యౌవనంలో ఉన్నదానిలో డెబ్బై, ఎనభై ఏళ్లకు 10 నుంచి 20 శాతమే మిగులుతుంది. ఆప్తుల మరణాలూ అనారోగ్యాలూ ఎక్కువగా వచ్చిపడేది ఆ వయసులోనే.

ఫలితం ఒంటి మీదే కనిపిస్తుంది. డిమెన్షియా (తీవ్రమైన మతిమరుపు వ్యాధి) ఉన్న బంధువులకు సేవ చేస్తున్న స్త్రీలపై 1995లో అమెరికాలో ఒక పరిశోధన జరిగింది. చేతి మీద చేసిన చిన్న గాయం మానడానికి వారికి అదే వయసున్న ఇతరులకన్నా సగటున 9 రోజులు ఎక్కువ పట్టింది.

లోపించిన హార్మోనును మాత్రగా మింగితే సరిపోదా? వృద్ధులకు రెండేళ్లపాటు డీహెచ్‌ఈఏ ఇచ్చి చూసి, 2006లో ప్రకటించిన ఫలితాల్లో శరీర సామర్థ్యంలో గానీ జీవన నాణ్యతలో గానీ చెప్పుకోదగిన మేలు కనిపించలేదు. నడక కథ వేరు. 120 మంది పెద్దలపై జరిగి 2011లో వెలువడిన అధ్యయనంలో, ఏడాదిపాటు నడిచినవారి మెదడులో జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోక్యాంపస్ అనే భాగం పరిమాణం సుమారు 2 శాతం పెరిగింది. సాగదీసే వ్యాయామాలకే పరిమితమైనవారిలో అది తగ్గింది. కార్టిసాల్ ఉత్పత్తిని ఇక ఆపమని చెప్పడంలో ఆ భాగానికీ పాత్ర ఉంది. అందుకే నడకను కాలక్షేపంగా చూడడం నాకు అన్యాయంగా తోస్తుంది.

రొప్పేంత శ్రమ కార్టిసాల్‌ను తాత్కాలికంగా పెంచుతుంది కాబట్టి మితమైన వేగం చాలు. వారానికి కనీసం 150 నిమిషాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన, అంటే వారంలో ఐదు రోజులు రోజుకో అరగంట.

అయితే మంచాన ఉన్న భర్తను కనిపెట్టుకుని ఉన్న స్త్రీకి ఈ లెక్క అప్పజెప్పి ఊరుకుంటే ఆమె ఎప్పుడు నడుస్తుంది? ఆ అరగంట రోగి పక్కన మరొకరు కూర్చోవాలి. పిల్లలు గానీ, పొరుగువారు గానీ, ప్రభుత్వం ఏర్పాటు చేసిన సహాయకులు గానీ. మీరు నడుస్తున్నారా అని అడిగే వైద్యులు, మీరు బయటికి వెళ్తే ఇంట్లో ఎవరుంటారని కూడా అడగాలి.