పగులుకు తేదీ ఎవరు వేస్తారు?

సైరన్ మోగుతుంది. కాసేపటికి కాళ్ల కింద నేల ఒక్కసారి అదురుతుంది. అలమారలో గిన్నెలు గలగలమంటాయి, పైకప్పు నుంచి చిటికెడు మట్టి రాలుతుంది. గని పక్కన ఉన్న ఊరికి ఇది అలవాటే. గొడవ మొదలయ్యేది గోడ మీద కొత్త గీత కనిపించిన రోజున. 'మీ పేలుడు వల్లే' అంటారు ఇంటివాళ్లు. 'మా ప్రకంపనలు పరిమితి లోపలే ఉన్నాయి' అంటుంది యాజమాన్యం. చిత్రమేమిటంటే, ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు.

రాతి రంధ్రాల్లో కూరిన పేలుడు మందు శక్తిలో కొంతే రాయిని పగలగొడుతుంది. మిగిలినదాంట్లో కొంత నేలలో అలగా, కొంత గాలిలో ఒత్తిడిగా ఊరి మీదికి వస్తుంది. నేల కదిలిన వేగాన్ని సెకనుకు మిల్లీమీటర్లలో కొలుస్తారు. మన దేశంలో గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ 1997లో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, గని యాజమాన్యానికి చెందని ఇళ్ల దగ్గర అల పౌనఃపున్యం, అంటే సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో ఆ లెక్క, 8 హెర్ట్జ్‌ల లోపు ఉంటే ఆ వేగం 5 మిల్లీమీటర్లు దాటకూడదు. 8 నుంచి 25 హెర్ట్జ్‌ల వరకు 10, ఆపైన 15.

నెమ్మదిగా కంపించే అలల మీదే ఇంత కట్టడి ఎందుకు? చిన్న ఇళ్లు సహజంగా ఊగే లయ దాదాపు అక్కడే ఉంటుంది. రెండు లయలూ కలిస్తే నేల కంటే గోడే ఎక్కువ ఊగుతుంది. పైగా అల దూరం వెళ్లేకొద్దీ వేగంగా కంపించే భాగం ముందు అణగిపోయి, ఈ నెమ్మదైన భాగమే మిగులుతుంది. కాబట్టి దూరపు ఇంటి ఫిర్యాదును దూరం చూపించి కొట్టిపారేయడం తొందరపాటు.

మనిషి ఒంటికి సెకనుకు ఒక మిల్లీమీటరు ప్రకంపన కూడా తెలుస్తుంది. గోడకు ఏమీ కాని రోజున కూడా నిద్రలో ఉన్న పసిబిడ్డ ఉలిక్కిపడి లేస్తుంది. ఆ సర్క్యులర్‌లోని అంకెలు కట్టడాల కోసం వేసుకున్నవి. ఉలికిపాటుకు అందులో గడి లేదు.

ఎండకూ తేమకూ, పునాది కుంగినా గోడలు వాటంతట అవే పగులుతాయని కంపెనీలు అంటాయి. అదీ నిజమే. అలాంటప్పుడు పేలుళ్లు మొదలు కాకముందు గోడ ఎలా ఉండేదో చెప్పే కాగితం ఒకటి ఉండాలి కదా! అమెరికాలో ఉపరితల బొగ్గు గనులపై 1977లో వచ్చిన చట్టం కింద, గనికి అర మైలు లోపు ఉన్నవారు అడిగితే ఇంటి స్థితిని ముందే సర్వే చేయించి ఇవ్వడం గని నడిపేవారి బాధ్యత. నా దృష్టిలో పరిమితి అంకెల కంటే ఈ ఒక్క నిబంధనే ఊరికి ఎక్కువ అక్కరకొస్తుంది. కొలిచే యంత్రం గనిదే, రికార్డు ఉండేదీ గని ఆఫీసులోనే అయినప్పుడు, ఇంటివాళ్ల చేతిలో ఏదో ఒక ఆధారం ఉండాలి.

అది లేక, పగులు కొసన పెన్సిల్‌తో అడ్డగీత గీసి పక్కన తేదీ వేసుకుంటారు. నెల తిరిగేసరికి పగులు ఆ గీత దాటుతుంది. చూడటానికి వచ్చిన అధికారి, గీతకు ముందున్న పగులు ఎప్పటిదని అడుగుతాడు.