ఆది మనిషి

జనవరి రెండో వారంలో ఢిల్లీలో మీటింగు. పోయినేడు ఇదే మీటింగుకి పట్టుచీర మీద స్వెట్టరు, స్వెట్టరు మీద శాలువా కప్పుకుని వెళ్తే, గేటు దగ్గర సెక్యూరిటీ అతను నన్ను ఎగాదిగా చూసి సన్మానం జరిగేది పక్క బిల్డింగులో అని దారి చూపించాడు. అందుకని ఈసారి ఉన్ని సూటు అనుకున్నాను. మగవాళ్ళ మోస్తరుది. భుజాలు నిక్కచ్చిగా, ప్యాంటు తిన్నగా, చెయ్యి పెడితే లోపలికి వెళ్ళే జేబులతో. నా ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. అసలు చిక్కంతా అక్కడే.

రెడీమేడ్ సంగతి తొందరగా ముగిస్తాను, తలుచుకుంటే ఒళ్ళు మండుతోంది. మగవాళ్ళ కోట్లు 36 నుంచి మొదలు. అది తొడుక్కుంటే నా వేళ్ళు బయటికి రావాలంటే ఇంకో బస్సు మారాలి. చేతులు కత్తిరించొచ్చు, నడుము లోపలికి పట్టొచ్చు కానీ భుజం కుదరకపోతే కోటు మొత్తం విప్పి మళ్ళీ కుట్టాల్సిందే. ఆడవాళ్ళ విభాగంలో ఉన్నవన్నీ పాలిస్టర్. పైగా జేబు మూత ఉంది, మూత కింద జేబు లేదు. ఇదేంటని అడిగితే "అది డిజైన్ మేడమ్" అన్నాడు. గోడకి తలుపు బొమ్మ గీసి ఇల్లమ్మినట్టుంది. పెటీట్ సైజులు, అంటే పొట్టివాళ్ళ కొలతలవి, ఉంటాయా అని అడిగాను. "ఆ బ్రాండు మేం పెట్టం మేడమ్" అన్నాడు.

సరే, కుట్టించుకుందామని సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో బూడిద రంగు ఉన్ని గుడ్డ కొన్నాను. సూట్ లెంగ్తులన్నీ మూడేసి మీటర్లు. పెద్ద పన్నా కదా, నాకు రెండుంబావు చాలు, కొయ్యండి అన్నాను. కొయ్యరట. ఆ ముప్పావు మీటరు ఆరడుగుల మగవాడి కోసం. నేను డబ్బు కట్టాను, ఆ మగవాడెవడో నాకింకా కనపడలేదు.

మా వీధి చివర బ్లౌజుల మాస్టర్ కోటు అనగానే చేతులెత్తేశాడు. అలా, అడగ్గా అడగ్గా, నిన్న ఆదివారం పొద్దున ఒక జెంట్స్ టైలర్ కొట్టు ముందు తేలాను.

మాస్టర్‌కి డెబ్భై దాకా ఉంటాయి. గుడ్డని వేళ్ళ మధ్య నలిపి చూసి "మంచి సరుకు. బాబు రాలేదా అమ్మా?" అన్నాడు.

"ఏ బాబు?"

"సూటు ఎవరికో ఆ బాబు."

నాకే అన్నాను. లోపల రెండు మిషన్లు ఆడుతున్నాయి. రెండూ ఆగాయి.

ఆయన మెడలో టేపుని ఓసారి తడుముకున్నాడు. "ఆడవాళ్ళకి టేపు పెట్టనమ్మా. నలభై ఏళ్ళ సర్వీసులో పెట్టలేదు. ఆది ఉంటే ఇచ్చెళ్ళండి, దాన్ని పట్టి కత్తిరిస్తా."

ఆది జాకెట్టు తెలుసు. ఆది కోటు ఎక్కడ్నుంచి తేను? అది ఉంటే ఈయన దగ్గరికి ఎందుకొస్తాను? అయినా ఇక్కడో మాట చెప్పాలి. మా బ్లౌజుల మాస్టరూ మగవాడే. పాతికేళ్ళుగా కాలనీలో ఆడవాళ్ళందరికీ ఆయనే కొలతలు తీస్తున్నాడు. ఆ టేపుకి లేని సిగ్గు ఈ టేపుకి ఎక్కడ్నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కావట్లేదు. మధ్యలో నేను ఊరుకోకుండా, పారిస్‌లో ఈవ్ సాంలోరాన్ అనే ఆయన 1966లోనే ఆడవాళ్ళకి టక్సీడో, అంటే మగవాళ్ళు విందులకి వేసుకునే సూటు, కుట్టి వేయించాడని కూడా చెప్పాను. "అక్కడ మాస్టర్లు వేరమ్మా" అన్నాడు, ఆయన చాలా కాలంగా తెలిసినవాడే అన్నట్టు.

తర్వాత ఆయనకో ఆలోచన వచ్చింది. "ఒరే, ఇట్రా!"

లోపల్నుంచి మనవడు వచ్చాడు. తొమ్మిదో క్లాసు. కళ్ళు ఫోన్లోంచి తియ్యలేదు. మాస్టర్ వాణ్ణీ నన్నూ వీపులు ఆనించి నిలబెట్టి, ఇద్దరి తలల మీద చెక్క స్కేలు పెట్టాడు. ఆది జాకెట్టు లాగా ఆది మనిషన్నమాట. కొట్టుకి తలుపులు లేవు, షట్టరే. ఎదురుగా టీ బండి. ఆదివారం కావడంతో బండి చుట్టూ జనానికి తొందర లేదు.

"ఆమే పొడుగు" అన్నాడు ఒకాయన.

"కాదు, బాబే. ఆమెకి చెప్పులున్నాయి చూడు."

చెప్పులు విప్పాను. ఎందుకు విప్పానో అడక్కండి. స్కేలు నావైపు వాలింది. వాడు అరంగుళం ఎక్కువట. "జుట్టు తాతా, అది జుట్టు" అన్నాడు పిల్లాడు నా తరఫున. ఇంతలోనే వాడి మీద నాకు అభిమానం పుట్టింది.

ఇక కొలతలు. మాస్టర్ టేపు వాడికి పెడతాడు, నావైపు చూస్తాడు, నేను వాడికీ నాకూ తేడా చెప్పాలి.

"ఛాతీ ముప్పై."

"కలపండి" అన్నాను మెల్లగా.

"ఎంత?"

"కొంచెం."

ఆయనకి చెవులు కాస్త మందం. "ఎంత కలపాలమ్మా?" అన్నది టీ బండి దాటి పక్క కొట్టుదాకా వెళ్ళింది. అంకె చెప్పాను. దాన్ని ఆయన లోపల పుస్తకం రాసే అబ్బాయికి అరిచి చెప్పాడు. ఆ అబ్బాయి ఖాయం చేసుకోవడానికి తిరిగి అరిచాడు. వేలంపాటలో బర్రెకి కూడా ఒకే ఒక్కరు అరుస్తారు.

సీటు దగ్గర అంకెలు సరిపోలేదు. "అట్లా గాల్లో చెప్తే కట్ దెబ్బతింటది" అని, మాస్టర్ పిల్లాడి నడుం కిందుగా తువ్వాలు చుట్టాడు. నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, ఒక కన్ను మూసి, నన్నూ తువ్వాలునీ మార్చి మార్చి చూశాడు.

"ఇంతా?"

నేను మాట్లాడలేదు. రెండో తువ్వాలు తెచ్చాడు. "ఇంతా?" మూడోది దొరక్కపోతే లైనింగ్ గుడ్డ చుట్టి పిన్నీసు పెట్టాడు. నా వెనక భాగాన్ని, నా ఎదుటే, ఇంకొకరి మనవడి మీద పొరలు పొరలుగా పేరుస్తుంటే చూస్తూ నిలబడ్డాను. పిల్లాడు మాత్రం ఫోన్ ఆట ఆపలేదు. ఇంతలో టీ బండి దగ్గర్నుంచి ఓ పెద్దమనిషి గ్లాసు పైకెత్తి "చాల్లే మాస్టరూ, ఎక్కువైంది" అన్నాడు.

ఆ ముక్కూమొహం తెలియని మనిషికి నేను రుణపడి ఉంటాను. లైనింగ్ గుడ్డ తీసేయించింది ఆయనే.

గుండీలు ఎటు పెట్టాలన్నాడు మాస్టర్. మగవాళ్ళకి ఎడమ రెక్క పైకి, ఆడవాళ్ళకి కుడి రెక్క పైకి. ఎడమే పైకి పెట్టండి అన్నాను. లోపలి జేబు కూడా కావాలన్నాను.

"ఆడవాళ్ళకి హ్యాండ్‌బ్యాగ్ ఉంటది కదమ్మా."

"రెండు పెట్టండి" అన్నాను. అది కోపంతో అన్నది.

మజూరీ మగవాళ్ళ సూటుకి ఎంతో అంతా, పైన ఇంకో ఐదొందలు. గుడ్డ తక్కువే కదా పట్టేది అంటే, చిన్నది కుట్టడం పెద్దదాని కంటే కష్టమట. మిగిలిన ముప్పావు మీటరు గురించి అడిగితే వినపడలేదు. అప్పుడు మాత్రం నిజంగానే వినపడలేదేమో.

రసీదు ఇంటికొచ్చి చూసుకున్నాను. పేరు దగ్గర మనవడి పేరుంది. పక్కనే చిన్న అక్షరాలతో "+ 2 తువ్వాళ్ళు". కచ్చా కుట్టు వేసి ట్రయల్ గురువారం. దానికి మాత్రం నేనే వెళ్ళాలట, ఆ రోజు వాడికి లెక్కల స్లిప్ టెస్టు ఉంది.