నిత్యనూతన ప్యాచ్

"పేజీని ఒకసారి రిఫ్రెష్ చేసి చూడండి" అన్న సలహాను కనిపెట్టిన మహానుభావుడెవరో చరిత్రకు తెలియదు గానీ, డెవలపర్లు ఈమెయిల్లో పంపిన ప్యాచ్‌లు (కోడు మార్పులు) ఏ స్థితిలో ఉన్నాయో చూపే ప్యాచ్‌వర్క్ అనే వెబ్ పట్టికలో పాతబడిన సమాచారం గురించి ఎవరు నోరు విప్పినా ముందుగా వినబడేది మాత్రం అదే. దానితో ఊరడిల్లని వారిని రెండో విడతగా బ్రౌజర్ క్యాష్ తుడవమంటారు. మూడో విడతగా ఇన్‌కాగ్నిటోలో తెరవమంటారు. అప్పటికీ లొంగని మొండివారిని టైమ్‌జోన్ తేడా ఏమైనా ఉందేమో ఆలోచించుకోమంటారు. ఎక్కడో సర్వరులో, డేటాబేసులోని ఒక గడిలో ఎవరూ మార్చని 'న్యూ' అన్న మాట తిష్ఠ వేసుకుని ఉంటే, హైదరాబాదులో కూర్చుని ఎఫ్5 మీటను గట్టిగా నొక్కి దాన్ని కదిలించవచ్చుననే ఈ విశ్వాసం ముందు ఏ శాస్త్రమైనా తలవంచవలసిందే.

లైనక్స్ కెర్నల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) పని చాలావరకు ఈనాటికీ ఈమెయిళ్ల మీదే నడుస్తుందని, ఆ మెయిళ్ల గుట్టలో ఏ ప్యాచ్ ఎక్కడుందో తెలియడానికి జెరెమీ కెర్ అనే ఆయన ప్యాచ్‌వర్క్ రాశారని ఈ పేజీ దాకా వచ్చిన పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. మెయిల్ రాగానే అది అందులోని డిఫ్‌ను (కోడులో మారిన వరుసల జాబితాను) పట్టుకుంటుంది, పట్టికలో ఒక వరుస కేటాయిస్తుంది, పక్కన 'న్యూ' అని రాస్తుంది. అంతవరకు దాని నిజాయితీని శంకించలేము. ఆ తర్వాత లోకంలో ఏం జరిగిందన్నది మాత్రం ఎవరో ఒకరు వచ్చి చెబితే తప్ప దానికి తెలియదు.

చెప్పడానికి ఉన్నవి రెండే దారులు: మనిషి చెప్పాలి, లేదా స్క్రిప్టు చెప్పాలి. మనిషి సంగతి వదిలేద్దాం. స్క్రిప్టు చేసే పని ఇది: మెయిల్లో వచ్చిన డిఫ్‌లోంచి కోడు వరుసల సంఖ్యలు తీసేసి లెక్కగట్టిన హ్యాష్ (వేలిముద్ర లాంటి సంకేతం) ఒకటి పట్టిక దగ్గర ఉంటుంది, మెయింటెయినర్ (ఆ కోడుకు బాధ్యుడు) తన ట్రీని (కోడు ప్రతిని) సర్వరుకు పుష్ చేసినప్పుడు ప్రతి కమిట్‌కూ (నమోదైన మార్పుకూ) అదే పద్ధతిలో హ్యాష్ లెక్కగట్టి, రెండూ కలిస్తే 'యాక్సెప్టెడ్' అని మారుస్తుంది. కలవకపోతే మౌనం వహిస్తుంది. మెయింటెయినర్ దయతో ఒక కామెంటులో అక్షరదోషం దిద్దినా, ఈలోగా ఇంకెవరో పక్కనున్న కోడు వరుసను మార్చినా, హ్యాష్ కలవదు. అంటే మీ ప్యాచ్‌ను ఎంత శ్రద్ధగా చదివి సవరించి తీసుకుంటే, దాన్ని తీసుకున్నట్టు పట్టికకు తెలియకుండా పోయే అవకాశం అంత పెరుగుతుంది. ఇదంతా పుష్ జరగగానే దానంతటదే నడిచే ఆ హుక్ స్క్రిప్టును ఎవరైనా తగిలించి ఉంటేనే సుమా.

ఇందులో ఇంకొక సొగసు ఉంది. పట్టిక తొలిచూపులో చూపించేది 'యాక్షన్ రిక్వైర్డ్' వరుసలను, అంటే ప్రధానంగా 'న్యూ', 'అండర్ రివ్యూ' స్థితుల్లో ఉన్నవాటిని మాత్రమే. ఎవరైనా పుణ్యాత్ముడు ఒక ప్యాచ్ స్థితిని సరిగ్గా మార్చాడనుకోండి, అది ఆ జాబితాలోంచి మాయమై, పంపినవాడు గుండెలు బాదుకుంటాడు. మార్చకపోతే అది అక్కడే శాశ్వతంగా వెలుగుతూ ఉంటుంది. కాపురానికి వచ్చి పదేళ్లయి, ఇద్దరు పిల్లలు బడికి వెళుతున్నా, ఎదురింటి అరుగు మీది ముసలమ్మకు ఆవిడ ఇంకా 'కొత్త కోడలు'గానే ఉండిపోయినట్టు.

ఇలాంటి ప్యాచ్ ఒకటి ఎంత దూరం వెళ్లగలదో ఊహించి చూడండి. మెయింటెయినర్ ట్రీలో చేరింది. మెర్జ్ విండోలో (కొత్త మార్పులు స్వీకరించే గడువులో) లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ట్రీకి వెళ్లింది. తొమ్మిది పది వారాలు తిరిగేసరికి కొత్త కెర్నల్‌తో విడుదలైంది. దిద్దుబాట్లు మాత్రమే చేరే స్టేబుల్ శాఖల్లోకి, అక్కడి నుంచి ఉబుంటు లాంటి డిస్ట్రిబ్యూషన్లలోకి, చివరికి ఒకానొక ఆండ్రాయిడ్ ఫోనులోకి చేరింది. ఆ ఫోనులోనే ఈ పట్టికను తెరిచి చూస్తే 'న్యూ' అని ఉంది. ఈలోగా జాబితాను శుభ్రం చేద్దామని సంకల్పించిన ఒక కొత్త సమీక్షకుడు ఈ అనాథను చూసి జాలిపడ్డాడు. ప్యాచ్‌ను దింపుకుని తన ట్రీకి వేయబోయాడు, పడలేదు. పడదు, ఎందుకంటే అది అక్కడే ఉంది. ఆయన గంభీరంగా "ఈ ప్యాచ్ ప్రస్తుత ట్రీకి వర్తించడం లేదు, దయచేసి రీబేస్ చేసి (తాజా కోడు మీదికి మార్చి) మళ్లీ పంపగలరు" అని రాశాడు. పంపినవాడు వినయవంతుడు కనుక రీబేస్ చేశాడు. కోడు మార్పుల లెక్క చూసే గిట్, ఆ మార్పు ఇప్పటికే ఉందని చెప్పి కమిట్‌ను వదిలేసింది, చేతిలో ఏమీ మిగలలేదు. ఏమీ మిగలనిదాన్ని రెండో ప్రతిగా ఎలా పంపాలో ఏ పత్రంలోనూ రాసి లేదు. పంపకపోతే సమీక్షకుడు చిన్నబుచ్చుకుంటాడు. పాతదాన్నే మళ్లీ పంపితే అది ట్రీకి పడక పట్టికలో పరీక్షల గడి ఎర్రబడుతుంది, ఎర్రబడింది కనుక ఆఫీసులో మేనేజరు కారణం అడుగుతాడు. నా వినమ్రమైన ప్రతిపాదన ఏమిటంటే, పట్టికలో 'న్యూ' అని ఉన్నందున గిట్‌లోంచే ఆ మార్పును రివర్ట్ చేసేస్తే (వెనక్కి తీసేస్తే) లెక్క ఇరువైపులా సరిపోతుంది; ఫోన్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

నవ్వు ఇక్కడికి చాలు. నాకు తెలిసిన ఒక అమ్మాయి తన మొదటి ప్యాచ్ కెర్నల్‌లోని ఒక విభాగానికి పంపింది. ఆ విభాగం పేరు అనవసరం. ఆ విభాగం పత్రం ఏం చెప్పింది? మెయింటెయినర్లను విసిగించకండి, స్థితి తెలుసుకోవాలంటే ప్యాచ్‌వర్క్ చూడండి అని చెప్పింది. చూసింది. 'న్యూ'. వారాల తరబడి చూసింది. 'న్యూ'. చివరికి మూడుసార్లు క్షమాపణలు చెప్పుకుంటూ నాలుగు వాక్యాల మెయిల్ రాస్తే వచ్చిన జవాబు: "ఇది ఎప్పుడో చేర్చుకున్నాం, అడిగే ముందు ట్రీ చూసుకోవడం నేర్చుకోండి." మెయింటెయినర్లారా, పట్టిక చూడమన్నది మీరు. చూసినందుకు అందరి ముందూ మందలించిందీ మీరే. చేర్చుకున్నట్టు ఒక్క ముక్క రాయలేదు, పట్టికలో ఒక్క గడి మార్చలేదు, సిగ్గుపడవలసింది మాత్రం ఆ అమ్మాయా? ఆమె ఆ తర్వాత ప్యాచ్ పంపలేదు. కొత్తవారు ఎందుకు నిలబడరన్న చర్చ మళ్లీ వచ్చినప్పుడు కారణాలను దూరంగా వెతకకండి.

చేయదలచుకుంటే చేతకాని పనేమీ కాదు. నెట్‌వర్కింగ్ విభాగంలో ప్యాచ్ చేరగానే బాట్ (దానంతటదే పనిచేసే ప్రోగ్రాము) మెయిల్ పంపుతుంది, ఏ ట్రీలోకి, ఏ కమిట్‌గా, ఎవరు చేర్చారో చెబుతుంది, చివర "మీరు అద్భుతం, ధన్యవాదాలు" అని కూడా అంటుంది. యంత్రానికున్న మర్యాద అది. అక్కడ పంపినవారికి పట్టికలో స్థితి మార్చే అధికారం లేదు, నిజమే. కానీ మెయిల్లో 'పీడబ్ల్యూ-బాట్' అని మొదలుపెట్టి ఒక్క వరుస రాస్తే ఆ పని బాటే చేస్తుంది. ప్యాచ్‌లను సాధారణంగా 48 గంటల్లోపు ఏదో ఒక వైపు సర్దుతామని వారి పత్రంలోనే రాసి ఉంది.

ఇవేవీ తమ వల్ల కావనుకునే విభాగాలు, స్థితి కోసం ప్యాచ్‌వర్క్ చూడమన్న వాక్యాన్ని తమ పత్రంలోంచి తీసేయాలి. అది ఒక్క వరుస మార్పు. అడిగితే ఆ అమ్మాయే పంపుతుంది. చేర్చుకున్నాక ఈసారి ఆ సంగతి ఆమెకు మెయిల్లో రాయవలసింది మాత్రం మీరే.