లారీవాడి ఎడమకన్ను

రావులపాలెం దాటి సిద్ధాంతం వంతెన ఎక్కాం. తణుకులో పిన్ని చెల్లెలి మనవరాలి బారసాల. బాబాయి స్టీరింగు దగ్గర, పిన్ని పక్కన, నేను వెనక సీట్లో ఆత్రేయపురం పూతరేకుల డబ్బాలకు కాపలా. ఈ రోడ్డు నంబరు 16 అయి ఏళ్లు గడిచినా పిన్ని లెక్కలో ఇది ఇంకా 5వ నంబరు రోడ్డే. ఆవిడ ఒకసారి అనుకున్నదంటే అంతే. మా ముందు అరటిగెలల లారీ.

పిన్ని: ఎంతసేపండీ ఈ గెలల వెనక? ఎడమపక్క బోలెడంత ఖాళీ ఉంది, పోనివ్వండి.

బాబాయి: అటునుంచి దాటకూడదే. లారీ డ్రైవరుకు ఎడమపక్క కనబడదు.

పిన్ని: అయ్యో! పుట్టుకతోనా, మధ్యలో పోయిందా?

బాబాయి: ఏమిటి పోయేది?

పిన్ని: కన్ను.

(ఇక్కడ బాబాయి నవ్వేసి ఊరుకుంటే సరిపోయేది. 30 ఏళ్లు బడిలో లెక్కలు చెప్పిన మనిషి, ఊరుకుంటాడా?)

బాబాయి: కన్ను కాదు మహాతల్లీ, పక్క! అతను కూర్చునేది కుడివైపు, అంత ఎత్తున. ఎడమ తలుపు కిందకి మన కారు దూరితే అతని కంట పడదు. బంపరు ముందు మరీ దగ్గరగా ఉన్నా అంతే. వెనక తోకకు అంటుకున్నా అంతే.

పిన్ని: ముందు కనబడదు, వెనక కనబడదు, ఎడమ కనబడదు. అలాంటివాడి చేతికి లారీ ఎవరిచ్చారండీ?

బాబాయి: లారీ నడిపే వాళ్లందరికీ అంతే!

పిన్ని: అందరికీనా! ఊరూరా ఉచిత కంటి శిబిరాలు పెడతారు కదా, ఈ రోడ్డు పక్కన ఒక్కటి పెట్టరే?

బాబాయి: వాళ్ల కళ్లు భేషుగ్గా ఉంటాయి. సరకు బండి లైసెన్సు కావాలంటే డాక్టరు చూపు పరీక్షించి 1ఎ ఫారం మీద సంతకం పెట్టాలి. 5 ఏళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి.

పిన్ని: ఆ డాక్టరు ఏ కంటితో చూసి పెట్టాడో సంతకం.

బాబాయి: ఒక్క గుర్తు చెబుతాను, విను. లారీ అద్దంలో అతని ముఖం మనకు కనబడితేనే మనం అతనికి కనబడతాం.

పిన్ని: మీ ముఖం నాకు 38 ఏళ్లుగా కనబడుతూనే ఉంది. నేను మీకెప్పుడు కనబడ్డాను? మొన్న కట్టిన కొత్త చీర రంగేమిటో చెప్పండి.

బాబాయి దగ్గాడు. చీర సంగతి నాకు తెలుసు, ఆకుపచ్చ. కానీ నన్నెవరూ అడగలేదు.

వంతెన దిగాక కుడివైపు దారి దొరికింది. బాబాయి ఇండికేటరు వేసి, హారన్ కొట్టి, లారీ పక్కకు వచ్చాడు. పిన్ని కిటికీలోంచి తలెత్తి డ్రైవరును చూస్తూ ఎడమకన్ను మూసుకుంది. అతను పళ్లన్నీ కనబడేలా నవ్వి రెండుసార్లు హారన్ కొట్టాడు.

బాబాయి: ఎందుకా హారన్?

పిన్ని: ఒంటికన్నుతో రోడ్డు ఎలా ఉంటుందో చూద్దామని కన్ను మూశాను. నవ్వాడండీ, మంచి పిల్లాడు.

బాబాయి: లారీ డ్రైవరుకు కన్ను కొట్టావా! 60 ఏళ్ల మనిషివి!

పిన్ని: 58. కొట్టలేదు, మూశాను. అయినా ఇటువైపు అతని కుడికన్నే ఉంది, అది బాగానే ఉంది. ఎడమది చూసేలోగా మీరు తోలుకొచ్చేశారు. దాటాం కదా, ఇక ఎడమకు తిప్పండి.

బాబాయి: లారీ మొత్తం నా అద్దంలో పడేదాకా తిప్పను. లోడుతో ఉన్న బండి, బ్రేకు వేసిన చోటనే ఆగదు. మూతి ముందు అడ్డం తిరిగితే మన డిక్కీలోకి గెలలు ఎక్కించుకున్నట్టే.

పిన్ని వెంటనే ఏమీ అనలేదు. డబ్బా అందుకుని ఒక పూతరేకు తీసి, సగం విరిచి బాబాయి నోట్లో పెట్టింది.

పిన్ని: నములుతూ రోడ్డు చూడండి. రెండో సగం అడగకండి, మీకు షుగరు.

ఆ రెండో సగం ఆవిడే తినేసింది. కాపలావాడికి రాలింది పొడి.

పెరవలి దగ్గర టీకి ఆగాం. గెలల లారీ కూడా అక్కడే వచ్చి ఆగింది. డ్రైవరు దిగి కుళాయి దగ్గర ముఖమంతా సబ్బు పట్టించుకుంటున్నాడు. పిన్ని ఇంకో పూతరేకు తీసుకుని, చప్పుడు చేయకుండా అతని ఎడమపక్కకు చేరి, ముఖానికి జానెడు దూరంలో చెయ్యి చాపి నిలబడింది. అతను కదలలేదు, మెదలలేదు.

పిన్ని: (వెనక్కి తిరిగి, గుసగుసగా) చూశారా!

బాబాయి: సబ్బే! అది సబ్బు!

పిన్ని: ఉండు నాయనా, కంగారుపడకు. నేనే కుడిపక్కకు వస్తున్నాను.